ముందు చక్రం మొర
(పామర్రులో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకన్నా బాగా తెలిసినవారు మాట్లాడారు. నన్ను ఏదైనా స్వానుభవం చెప్పమన్నారు. 36 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి ట్రాక్టరు బేరింగుల గొడవెందుకని నవ్వుకోకండి. మనలో చాలామందికి నాలుగు కుంచాలో రెండెకరాలో పొలం ఉంది. పాత ట్రాక్టరున్న ఇళ్ళూ ఉన్నాయి.

1994 మాసూళ్ళ రోజులు. మా తమ్ముడూ నేనూ కలిసి కొన్న పాత ట్రాక్టరు ధాన్యం తోలుతోంది. డ్రైవరు ఒక సాయంత్రం వచ్చి, "బాబుగారూ, ఎడమ ముందు చక్రం కరకరలాడుతోందండి, ఒకసారి విప్పిద్దామండి" అన్నాడు. "మాసూళ్ళు అవనీ, చూద్దాంలే" అన్నాను. ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఆ కాగితం కట్ట అడుగున పెట్టేశాను. నాలుగో రోజున కాలువ గట్టు మలుపులో ఆ చక్రం ఊడిపోయింది. బండి గట్టు వారకు ఒరిగి డ్రైవరు కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. వైద్యం చేయించాం, జీతం ఆపలేదు. కానీ అతను ఈనాటికీ కుంటుతూనే నడుస్తాడు. ఆ తప్పు బండిది కాదు, నాది.

అతను కట్టుతో నులకమంచం మీద కూర్చుని చెబుతుంటే, రెండో చక్రం నేనే విప్పాను. ఈ పని నాకు నేర్పిన గురువు అతనే.

ముందు చక్రం హబ్బులో రెండు బేరింగులుంటాయి. లోపలిది పెద్దది, బయటిది చిన్నది. రోలర్లు ఏటవాలుగా ఉంటాయి. ఈ రకం బేరింగుకు 1898లో అమెరికాలో హెన్రీ టింకెన్ అనే బండ్ల తయారీదారు పేటెంటు పొందాడు. బండి బరువునూ, మలుపులో పక్కనుంచి వచ్చే తోపుడునూ ఇది ఒక్కటే మోస్తుంది. మన డెల్టాలో దీనికి శత్రువు దమ్ము. బురదనీళ్ళు పాత సీలు సందులోంచి హబ్బులోకి పోయి గ్రీజును పాడుచేస్తాయి. ఆ తరువాత రోలర్లు అరుగుతాయి.

పరీక్ష సులువు. బండిని చదునైన గట్టి నేలమీద ఆపి, వెనుక చక్రాలకు చెక్కలు పెట్టి, ముందు యాక్సిల్ కింద జాకీ ఎత్తి, దిమ్మ ఆసరా పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం విప్పరాదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. హబ్బు ఒక్కటే ఊగితే లోపం బేరింగుది. హబ్బుతోపాటు స్టబ్ యాక్సిల్ కూడా ఊగితే కింగ్ పిన్ను బుష్షులు చూడాలి. ఈ తేడా తెలియక అనవసరంగా బేరింగులు కొన్నవారున్నారు.

మూత, స్ప్లిట్ పిన్ను, నట్టు, వాషరు తీస్తే బయటి బేరింగు చేతికొస్తుంది. చక్రాన్ని లాగి, అన్నిటినీ డీజిలుతో కడిగి ఆరబెట్టాలి. రోలర్ల మీద గుంటలున్నా, నీలిరంగు తేలినా మార్చవలసిందే. లోపలి కోనుతోపాటు హబ్బులోని కప్పునూ మార్చాలి. పాత కప్పులో కొత్త కోను వేయడం చిరిగిన చొక్కాకు కొత్త గుండీ కుట్టడమే. పాత బేరింగు మీది నంబరు చూపించి కొనాలి. నేను విజయవాడ ఆటోనగర్‌లో అలాగే తెచ్చాను. కొత్త కప్పును వెడల్పు నోరు బయటికి ఉండేలా, ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టాలి. రోలర్ల సందుల్లోకి గ్రీజు అరచేత్తో కూరాలి. సీలు తప్పక కొత్తది వేయాలి.

అసలు కిటుకు నట్టు బిగింపులో ఉంది. చక్రాన్ని తిప్పుతూ, అది బరువుగా తిరిగేదాకా బిగించాలి. తరువాత బండి పుస్తకంలో చెప్పినంత వెనక్కి వదిలి, పిన్ను రంధ్రానికి సరిపెట్టాలి. చక్రం తేలిగ్గా తిరగాలి, లొడలొడలాడకూడదు. మరీ బిగిస్తే వేడెక్కి మాడుతుంది, మరీ వదిలితే కొట్టుకుని పగులుతుంది. పిన్ను కొత్తది వేసి కొనలు వంచాలి. కొంతదూరం నడిపాక హబ్బు మీద చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే మళ్ళీ విప్పాలి.

ఏడాదికోసారి మనం బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇస్తున్నాం కదా. దమ్ములు అయిపోగానే చక్రాన్ని కూడా ఒకసారి ఎత్తి ఊపి చూడండి. జాకీ ఎత్తే ఓపిక మనకు లేకపోతే మనవడున్నాడు. పక్కన కుర్చీ వేసుకుని చెప్పవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, బండి తోలేవాడు "చప్పుడొస్తోందండి" అంటే ఆ రోజే బండి ఆపండి. బేరింగులు మరుసటి వారం కూడా దొరుకుతాయి, విరిగిన కాలు మళ్ళీ మునుపటిలా రాదు.