బాడీ లిఫ్ట్‌కి ఏ బ్లాకులు మంచివి?

థార్ బాడీని ఛాసిస్ మీద నుంచి రెండంగుళాలు లేపాలంటే మధ్యలో బ్లాకులు పెట్టాలి. దేనితో చేసినవి?

టేకు చెక్క వద్దు. మన కోనసీమ తడికి ఉబ్బి, ఎండకి ముడుచుకుని బోల్టు వదులైపోద్ది. మెత్తటి రబ్బరు బరువుకి నలుగుద్ది. అల్యూమినియం గట్టిదే, కానీ అంతర్వేది వైపు ఉప్పుగాలిలో ఇనుముకి ఆనుకుని ఉంటే తెల్లగా పొడి రాలుద్ది. నా ఓటు గట్టి పాలీయురేథేన్‌కే: తుప్పు లేదు, అదురు తగ్గుద్ది. బోల్టులు పొడవైనవి కొత్తవే వేయండి. పాతవాటికి ముక్క వెల్డింగ్ చేయించొద్దు.

అసలు విషయం ఇది. లేచేది బాడీ ఒక్కటే. ఇంజిన్, యాక్సిల్ ఉన్నచోటే ఉంటాయి. 2020 థార్‌కి కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు. లిఫ్ట్ చేసినా అదే లెక్క. గోదారి పొంగి కనకాయలంక కాజ్‌వే మునిగితే బండి ఒడ్డునే ఆపండి, పడవెక్కండి.