అడవిపందుల వేట: గుండును గురియును



మన ప్రబంధకవుల వేట వర్ణనములలో అడవిపందికి పెద్దపీట కలదు. నేడు నేను ముచ్చటింపబోవు పంది మాత్రము కావ్యములలోనిది గాదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున రాత్రికి రాత్రి చేలను పెల్లగించి రైతులను విసిగించుచున్న పంది యిది. దానిని కొట్టబూనువాడు ఎట్టి తూటా నెన్నుకొనవలెను, గుండు దాని మేన నెచ్చట తాకవలెను అనునది నేటి విషయము. ఆ రాష్ట్రమున వేలకొలది తెలుగువారు స్థిరపడియున్నందున ఇది మనకు బొత్తిగా పరాయి ముచ్చట గాదు. మన దేశమున మాత్రము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, అధికారుల యనుమతి లేనిదే అడవిపందిపై తుపాకి యెత్తరాదని ముందే మనవి చేయుచున్నాను.

ఈ పందులు ఆ ఖండమున పుట్టినవి కావు. 1539లో డిసోటో యను స్పెయిను దేశీయుడు ఫ్లారిడా తీరమున దిగినపుడు పందుల మందను వెంట తెచ్చెను. తరువాతి వలసదారులు తమ పందులను విచ్చలవిడిగా వదలి మేపిరి. పిమ్మట వేటయందు మక్కువగలవారు ఐరోపా అడవిపందులను తెచ్చి విడిచిరి. ఇవన్నియు కలసిపోయి నేటి జాతి యేర్పడినది. నాలుగు నెలలైన నిండని గర్భము. ఈతకు నాలుగైదు పిల్లలు, ఒక్కొకప్పుడు అంతకు మించియును. 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి టెక్సాసులో భూమి యజమాని సమ్మతించినచో, అతని సొంత నేలపై ఈ పందులను కొట్టుటకు వేట లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు అక్కరలేకపోవచ్చును గాని తెలివి అక్కరలేకపోలేదు. గురి తప్పి గాయపడిన పంది పొదలో దూరి గంటలకొలది బాధపడును. దానిని వెదకుచు చీకటిలో చొచ్చినవాని కాలిని కోరతో చీల్చినను చీల్చును.

వేటగాండ్రు నలుగురు కూడినచో తుపాకి గొట్టపు కొలతను గూర్చియే వాదులాడుదురు. నా యభిప్రాయమున అంతకంటె ముందు చూడవలసినది గుండు కట్టడి. సైనికులు వాడు గుండుకు చుట్టును గట్టి లోహపు తొడుగుండును. అది సన్నని రంధ్రము చేసికొని ఆవలికి దూసికొనిపోవును. పంది ఆ గాయముతో మైలు దూరము పరుగిడినను ఆశ్చర్యము లేదు. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ ఆయుధాగారమున 19వ శతాబ్ది చివరి దశాబ్దమున, తొడుగు కొనను తెరచి సీసము బయటికి కనబడునట్లు గుండ్లు చేసిరి. అవి మేన తాకగనే పువ్వువలె విచ్చుకొనును. 1899లో హేగు నగరపు సభ యుద్ధమున ఇట్టి గుండ్లను నిషేధించెను. వేటలో మాత్రము ఇట్లు విచ్చుకొను గుండే కావలెను. గాయపడిన సైనికునకు ఆసుపత్రి కలదు; పందికి త్వరితమైన చావే దయ. అమెరికాలోని అనేక రాష్ట్రములు పెద్ద మృగముల వేటకు సైనికపు గుండ్లను ఒప్పుకొనవు.

అట్లని అతిగా విచ్చుకొనునదియు పనికిరాదు. చిన్న జంతువులకై చేసిన పలుచని తొడుగు గుండు పంది మూపుమీదనే తునాతునకలగును. మందపు తొడుగు గలదియు, సీసము తొడుగునకు అతికించబడినదియు, లేక మొత్తము రాగితో చేసినదియు మేలు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1నుండి వేటకు సీసపు గుండ్లు వాడరాదు గనుక అచ్చట రాగి గుండ్లు విరివిగా చెల్లుచున్నవి. కొలత మాటకు వచ్చినచో, 308 రైఫిలునకు 150 మొదలు 165 గ్రెయినుల గుండు చాలును. 150 గ్రెయినులనగా పదిగ్రాములైన లేదు. పాత 30-30 రైఫిలును దగ్గరి దూరమున చక్కగా పనిచేయును. 223తోను కొట్టవచ్చును గాని గుండు గట్టిదై, దూరము తక్కువై, చేయి నిలుకడగా నుండవలెను. ఏ తూటాతో వేటకు పోదురో అదే తూటాను ముందుగా వంద గజముల దూరమున కాగితముపై కాల్చి చూడవలెను; పెట్టె మారినచో గుండు పడుచోటును మారుచుండును.

ఇక గురి. లేళ్ల వేటకు అలవాటుపడినవారు పందిని చూచినపుడు మోసపోవుదురు. లేడికి మూపు వెనుక గురిపెట్టుదురు. పందికి అచ్చట కొట్టినచో గుండు కాలేయమునకో కడుపునకో తగులును. పంది గుండెయు ఊపిరితిత్తులును ముందుకాళ్ల నడుమ, క్రిందుగా, మిక్కిలి ముందునకు ఒదిగియుండును. వెన్నెముక కూడ మూపుకడ మనమనుకొనినదానికంటె క్రిందుగా సాగును. పైన కనబడు నిక్కిన వెండ్రుకల గూని చాలవరకు పొట్టు. అచ్చట తగిలిన గుండు పందిని క్షణకాలము పడగొట్టును, వేటగాడు సంతోషించులోగా అది లేచి పరుగిడును. కావున పంది ప్రక్కకు తిరిగి నిలిచినపుడు ముందుకాలి వెంబడి చూపును పైకి తెచ్చి, ఛాతి యెత్తులో క్రిందినుండి మూడవవంతున నిలుపవలెను. ముదిరిన మగపందికి ఆ చోటనే చర్మము క్రింద అంగుళము మందము, ఒక్కొకప్పుడు అంతకు మించియు, గట్టి కవచముండును. పోట్లాటలలో కోరల నుండి దానిని కాచునది అదియే. గట్టి గుండు కావలెనని నేను పట్టుపట్టుటకు కారణ మిది.

చెవి వెనుక కొట్టినచో పంది నిలిచినచోటనే కూలును. అయితే ఆ చోటు చిన్నది, మేయుచున్న పంది తల నిమిషమైన నిలువదు. దగ్గరగా, తుపాకికి ఆనిక దొరికినపుడే ఆ ప్రయత్నము తగును. ఎదురుగా చూచుచున్నదానిని ప్రక్కకు తిరుగువరకు వేచియుండుటయే మంచిది.

గుండు ఆవలికి వెడలినచో నెత్తురుజాడ దొరకును. కొవ్వు మందముగా నుండుటచే ఒక్క రంధ్రము పూడుకొనిపోవును. కాని ఆవలికి వెడలిన గుండు ఎచ్చటికి పోవును? వెనుక మట్టికట్ట గాని మిట్ట గాని లేనిచో మీట నొక్కరాదు. రాత్రివేళ వేడిని చూపు దుర్బిణిలో దూడయు పందియు ఒక్కరీతి మెరయును.

నురుగుతో కూడిన ఎర్రని నెత్తురు ఊపిరితిత్తులది, నల్లనిది కాలేయమునది, దుర్గంధము గలది ప్రేగులది. ఈ కడపటి దానిని వెంటనే తరుమక కొన్ని గంటలు విడిచి వెదకవలెను. పడిన పందిని వీపువైపునుండి సమీపించి, పొడవైన కర్రతో కంటిని తాకి చూడవలెను. రెప్ప కదలినచో ఇంకొక గుండు అవసరము. కోయునపుడు చేతులకు రబ్బరు తొడుగులు తప్పవు. ఈ పందులలో బ్రూసెల్లోసిసను వ్యాధి కలదు. అది చేతి గంట్లద్వారా మనుష్యునకు సోకి, విడిచి విడిచి జ్వరము తెచ్చును. మాంసము నడుమభాగము 71 సెంటిగ్రేడు డిగ్రీల వేడి యెక్కువరకు ఉడికించిన పిదపనే వడ్డింపవలెను.