దించాక ఉడికే వంట



ఆడి నెల వచ్చిందంటే మా ఆరణికి దగ్గరలో ఉన్న పెరియపాళెం భవానీ అమ్మవారి గుడికి వచ్చే బండ్లను లెక్కపెట్టలేం. వ్యానులు, ట్రాక్టర్లు, టార్పాలిన్ కప్పిన లారీలు. కుటుంబాలకు కుటుంబాలు రాత్రి బండిలోనే పడుకొని, తెల్లవారి బండి పక్కనే రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగిస్తారు. ఇటు తిరుత్తణిలో ఆడి కృత్తికకు కావడి ఎత్తుకొని వచ్చేవారిలోనూ చాలామంది ఇంతే. వీరికి ఇది ఏడాదికి ఒకటి రెండు రోజుల ముచ్చట. కాని ఏడాది పొడుగునా బండిలోనే కాపురం చేసేవారు ఉన్నారు. వారే లారీ డ్రైవర్లు, క్లీనర్లు. ఈరోజు ముఖ్యంగా వారి వంట గురించి, అంటే తక్కువ గ్యాసుతో, తక్కువ మంటతో దారిలో అన్నం వండుకోవడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనకు తూర్పున జి.ఎన్.టి. రోడ్డు ఉంది. ఇప్పుడది 16వ నంబరు జాతీయ రహదారి. గుమ్మిడిపూండి, ఆరంబాకం, తడ, సూళ్ళూరుపేట మీదుగా రాత్రింబగళ్ళు లారీలు పోతూనే ఉంటాయి. ఒకప్పుడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి బండి నిలిచిపోయేది. విసుగు పుట్టినా, వంటకు తీరిక దొరికేది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. మంచిదే. కాని ఆగే తీరిక కూడా దాంతోపాటే పోయింది. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో దారి పొడుగునా హోటళ్ళు, దాబాలు మూతపడినప్పుడు, స్టవ్వూ బియ్యమూ వెంట ఉన్నవాడే కడుపు నింపుకున్నాడు.

మా బడిలో చదివిన కుర్రవాడు ఒకడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. "అయ్యవారూ, వానలో, గాలిలో బయట స్టవ్వు నిలవదు. క్యాబిన్ లోపలే వెలిగిస్తాం. తలుపులు మూసుకొంటాం" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. మూసిన క్యాబిన్‌లో స్టవ్వు కాని, బొగ్గుల కుంపటి కాని మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రపోయినవాడు లేవకపోవచ్చు. ఇక గ్యాసు సిలిండరు సంగతి. 2023 ఆగస్టు 26న మదురైలో ఆపి ఉంచిన యాత్రికుల రైలుపెట్టెలో నిప్పంటుకొని తొమ్మిది మంది చనిపోయారు. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చుకున్న సిలిండరే దానికి కారణమని రైల్వేవారు చెప్పారు. తెల్లవారి కాఫీ, టీ కోసం అంత ఘోరం జరిగింది.

అందుచేత మంట బండి బయటే ఉండాలి, కొద్దిసేపే ఉండాలి. మరి అన్నం ఉడకడం ఎలా?

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఎంతైనా బడిపంతులును కదా! ముప్పై డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిని మరిగించడానికి సుమారు 70 కిలోకేలరీలు చాలు. ఆ మరిగే నీరంతా ఆవిరైపోవాలంటే ఇంకా 540 కావాలి. అంటే ఏడున్నర రెట్ల పైమాటే. మరిగే నీరు ఎంత మంట పెట్టినా నూరు డిగ్రీలు దాటదు. గిన్నె కుతకుతలాడుతుంటే ఎక్కువ వంట అవుతోందని అనుకుంటాం. నిజానికి గ్యాసు ఆవిరై గాలిలో కలుస్తోంది. గిన్నెలో వేడి నిలిస్తే చాలు, మంట లేకపోయినా బియ్యం ఉడుకుతాయి.

ఇది మన అమ్మలకు తెలియనిది కాదు. గంజి వార్చిన అన్నాన్ని నిప్పుల సెగన మూతపెట్టి మగ్గనిచ్చేవారు. మామిడికాయలు గడ్డిలో మగ్గవేస్తాం చూడండి, ఆ మాటే, ఆ గడ్డే! విదేశాల్లోనూ ఈ ఉపాయం పాతదే. 1867లో పారిస్ ప్రదర్శనలో నార్వేవారు ఇలాంటి పెట్టెను పెట్టారు. కలకత్తాలో డాక్టర్ ఇందుమాధవ్ మల్లిక్ 1910 ప్రాంతంలో 'ఇక్‌మిక్ కుక్కర్' తయారు చేశారు. అడుగున కొద్దిగా బొగ్గులు, పైన వరుసగా గిన్నెలు. నెమ్మదిగా, ఆవిరి మీదే వంట అంతా అయ్యేది.

లారీకి కావలసింది ఒక గట్టి అట్టపెట్టె లేదా చెక్కపెట్టె. అడుగున బెత్తెడు మందాన వరిగడ్డి, గడ్డి లేకపోతే పాత బొంత ముక్కలో, గోనెసంచులో పరవండి. చుట్టూ కూడా అంతే మందం ఉండాలి. మధ్యలో గిన్నె బిగుతుగా కూర్చునే గుంట చేయండి. పైన కప్పడానికి దూది దిండో, కంబళి మడతో ఉంచుకోండి.

బియ్యం అరగంట నానబెట్టండి. ఆవిరి పోదు కాబట్టి ఇంట్లో అత్తెసరుకు పోసేదానికన్నా నీళ్ళు కాస్త తక్కువే పట్టుతాయి. ఎంతన్నది రెండుసార్లు వండితే మీకే తెలుస్తుంది. మూతపెట్టి, ఎసరు బాగా మరిగాక అయిదు నిమిషాలు ఉంచి దించండి. మూత తీయకుండా పెట్టెలో పెట్టి కప్పేయండి. తడ దగ్గర కప్పితే నాయుడుపేట చేరేసరికి అన్నం తయారు. కందిపప్పుకు ఇంకా ఓపిక కావాలి. రాత్రి నానబోసి, పది పదిహేను నిమిషాలు మరిగించి కప్పితే, నెల్లూరు దాటి కావలి చేరేవేళకు మెత్తబడుతుంది. చింతపండు, టమాటా మొదట వేయకండి, పులుపు తగిలితే పప్పు ఉడకదు. కుక్కరు ఉన్నవారు ఒక కూత రాగానే ఆపి పెట్టెలో పెట్టవచ్చు. మంట ఆర్పిన తరువాతే సుమా, బొంతకు నిప్పంటుకొంటే గ్యాసు మిగిల్చి లాభం లేదు.

గిన్నె దాదాపు నిండుగా ఉండాలి. పిడికెడు బియ్యం పెద్ద గిన్నెలో వేస్తే వేడి నిలవదు. మందపాటి గిన్నె మేలు. పెట్టెను క్యాబిన్‌లో కింద, కదలకుండా తాడుతో కట్టండి. ఒడిలో పెట్టుకొని కూర్చోవద్దు, బ్రేకు వేస్తే ఒళ్ళు కాలుతుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాచకుండా చెప్పాలి. అరవై డిగ్రీల కిందికి వేడి దిగితే ఆహారంలో క్రిములు పెరుగుతాయి. మూత తీయగానే పొగలు రావాలి. గోరువెచ్చగా ఉంటే మళ్ళీ మరిగించనిదే తినవద్దు. పొద్దున కప్పినది రాత్రికి తినవచ్చుననుకోకండి. మాంసం, చేపలు ఈ పద్ధతిలో వద్దంటాను. ఉత్తరాదికి పోయే డ్రైవర్లు అక్కడ రాజ్మా కొంటారు. ఆ గింజల్లో ఒక విషపదార్థం ఉంటుంది. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లకాచనిదే అది పోదు. సన్నసెగన ఉడికించిన రాజ్మా కడుపులో చిచ్చు పెడుతుంది.

ఇక ఆడి ఆదివారం పెరియపాళెం వచ్చే కుటుంబాలవారికి ఈ పద్ధతి ఇంకా బాగా పనికొస్తుంది, గిన్నె ఎంత పెద్దదైతే వేడి అంతసేపు నిలుస్తుంది కనుక. పొయ్యి మీద సాంబారు కాగుతుండగా అన్నం పెట్టెలో మగ్గుతుంది. అమ్మవారికి పెట్టే పొంగలిని మాత్రం పెట్టెలో పెట్టకండి. అది మూత లేకుండా, అందరి కళ్ళముందూ పొంగి పొర్లాలి కదా!