గంగమ్మ జాతర



ఏటా మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. వారం రోజుల పండగ. మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి పోతారు. మీసాలున్నవాళ్లు కూడా! చూస్తే నవ్వొస్తుంది. కానీ ఆ చీర వెనక ఒక కథ ఉంది.

పూర్వం అక్కడ ఒక పాలెగాడు ఉండేవాడట. ఆడపిల్లల్ని బతకనిచ్చేవాడు కాదు. ఒకరోజు గంగమ్మ మీదికే వచ్చాడు. ఆమె అసలు రూపం చూసి, పారిపోయి దాక్కున్నాడు. గంగమ్మ రోజుకో వేషం వేసి వెదికింది. ఒళ్లంతా తెల్లసుద్ద పూసుకుని బైరాగి అయింది. బొగ్గు పూసుకుని తోటి అయింది. చివరికి దొర వేషం వేసింది. నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. గంగమ్మ వాడి తల నరికింది.

తర్వాత మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చిందట. ఈ ముక్క చాలామంది చెప్పరు. తప్పు వాడిది, ఆమెది కాదు కదా!

జాతరలో ఆ వేషాలే వీధుల్లో తిరుగుతాయి. ఆడవాళ్లేమో గుడి దగ్గర పొంగళ్లు పెడతారు. పొద్దంతా పొయ్యి దగ్గరే ఉంటే వేషాలు ఎప్పుడు చూస్తారు? పొంగలి దించాక కుండ ఇంటాయనకు అప్పగించండి. ఎండకు తలమీద గుడ్డ, తాగే నీళ్లు మరవద్దు. గుంపులో పిల్లలు తప్పిపోతారు. వాళ్ల జేబులో పేరు, ఊరు రాసిన చీటీ పెట్టండి. ఆ చీటీ కోసం ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.