సంపాతి విన్న దుఃఖం



నిన్నటి సాయంకాలం కిష్కింధాకాండలో స్వయంప్రభ గుహ దగ్గర ఆగినాము. ఆ తపస్విని వానరులను కన్నులు మూసుకొనుమని చెప్పి, రెప్పపాటులో బిలం వెలుపలికి చేర్చింది. కన్నులు తెరచేసరికి ఒకవైపు వింధ్యపర్వతం, ఎదుట ఘోషిస్తున్న మహాసముద్రం. చెట్లన్నీ పూలభారంతో వంగి ఉన్నాయి. ఆ పూలను చూచి అంగదుని గుండె జారిపోయింది. సుగ్రీవుడు పెట్టిన గడువు ఒక్క మాసం. ఆ మాసం ఎప్పుడో దాటిపోయిందని పూచిన కొమ్మలే చెబుతున్నాయి. పూచిన చెట్టును చూచి భయపడవలసి రావడం ఎంతటి దురవస్థయో ఆలోచించండి.

అంగదుడు వాలి కుమారుడు, కిష్కింధకు యువరాజు. తండ్రి పోయి ఎంతో కాలం కాలేదు. ఆ తండ్రి మరణానికి కారణమైన పినతండ్రియే ఇప్పుడు ప్రభువు. ఆయన అప్పగించిన పని నెరవేరలేదు. ఏ ముఖంతో ఇంటికి పోవడం? పోయి దండన పొందడం కంటె ఇక్కడే ప్రాయోపవేశం చేసి ప్రాణాలు విడుస్తానన్నాడు. హనుమంతుడు నయానా భయానా చెప్పి చూచాడు. అంగదుడు వినలేదు సరికదా, సుగ్రీవుని దోషాలన్నీ ఏకరువు పెట్టి, దర్భలు పరచుకొని కూర్చున్నాడు. అతనిని చూచి తక్కిన వానరులు కూడ ఆచమించి, తూర్పు ముఖంగా వరుసగా కూర్చున్నారు.

ఈ పిల్లవానిని మనం ఎరుగుదుము. ఏటేటా ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన రోజున మన ఊళ్ళలో ఇతడు కనబడుతూనే ఉంటాడు. గడువు దాటింది, పని కాలేదు, ఇంటికి పోవడానికి ముఖం చెల్లదు. మరునాటి పత్రికలో ఆ పిల్లల వార్త చదివి, అయ్యో అనుకొని, పేజీ తిప్పుతాము. వాల్మీకి మహర్షి మాత్రం పేజీ తిప్పలేదు. రామకార్యం నడవవలసిన చోట కథను ఆపి, ఆ దర్భల పక్కన మనలను కూడ కూర్చోబెట్టాడు.

అంతలో కొండగుహలోనుండి ఒక ముసలి గ్రద్ద బయటికి వచ్చింది. సంపాతి. వరుసగా కూర్చున్న వానరులను చూచి, దైవం ఇన్నాళ్ళకు ఆహారం పంపినది, ఒక్కొక్కరే చనిపోతూ ఉంటే ఒక్కొక్కరినే తినవచ్చునని సంతోషించింది. ఆ మాట అంగదుడు విన్నాడు. విని ఏమి చేశాడు? పోరాడలేదు, పారిపోలేదు. హనుమంతుని వైపు తిరిగి దుఃఖంతో జటాయువును తలచుకొన్నాడు. ఆ పక్షిరాజు సీతమ్మ కోసం రావణునితో పోరాడి, రాముని కార్యంలో ప్రాణం ఇచ్చి ధన్యుడైనాడు. మనమో, రామునికి ఏ ఉపకారమూ చేయకుండానే చనిపోతున్నాము అన్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం నిలవాలి. అంగదుడు ఇంతకుముందు కూడ చాలా మాట్లాడాడు. అప్పుడు మాట్లాడినది కోపం. తన ఓటమికి సుగ్రీవుని నిందించాడు. ఆ మాటలకు ఏ తలుపూ తెరచుకోలేదు. ఇప్పుడు మాట్లాడినది దైన్యం. 'మా వల్ల కాలేదు' అన్న ఒక్క ఒప్పుకోలు. దానికి కొండమీద తలుపు తెరచుకొన్నది.

'నా తమ్ముని పేరు ఎత్తినది ఎవరు?' అని సంపాతి గజగజ వణకిపోయాడు. జటాయువు అతని సొంత తమ్ముడు. యౌవనంలో అన్నదమ్ములిద్దరూ పందెం వేసుకొని సూర్యుని వైపు ఎగిరినారు. తమ్ముడు వేడికి సొమ్మసిల్లుతుంటే అన్న తన రెక్కలు చాచి కప్పినాడు. తమ్ముడు దక్కినాడు, అన్న రెక్కలు కాలిపోయినాయి. ఆ తరువాత ఒకరి వార్త ఒకరికి లేదు. ఇప్పుడు ఆ వృద్ధుడు ఏమన్నాడు? 'నాకు రెక్కలు లేవు, దిగి రాలేను. నన్ను కిందికి దింపండి' అన్నాడు.

వానరులకు సందేహం కలిగింది. తినడానికి వచ్చినవాడు గదా! అయినా చావడానికి కూర్చున్నవారికి కొత్తగా పోయేదేమున్నది? అంగదుడే పోయి దింపుకొని వచ్చాడు. చూచారా చమత్కారం! అంతవరకు ఒకడు ఆహారం, ఒకడు భోక్త. ఒకడు తన ఓటమి చెప్పుకొన్నాడు, ఇంకొకడు తన కాలిన రెక్కలు చూపినాడు. మరుక్షణంలో ఇద్దరూ బంధువులైపోయినారు. ఇతని ద్వారా తమ్ముని మరణం అతనికి తెలిసింది. అతని ద్వారా సీతమ్మ జాడ వీరికి తెలిసింది. నూరు యోజనాల అవతల లంకలో ఉన్నది అని చెప్పగలిగిన దృష్టి ఆ రెక్కలు లేని పక్షికే ఉన్నది! నెల రోజులు కొండలు, గుహలు, అడవులు గాలించిన బలవంతులకు దొరకని వార్త, ఏడుస్తూ కూర్చున్న చోటికి వచ్చింది. తరువాత వానరులే ఆ వృద్ధుని సముద్రపుటొడ్డుకు చేర్చగా, తమ్మునికి జలతర్పణం విడిచాడు.

మన వాడుకలో 'కార్పణ్యం' అనే మాట పాపం చెడిపోయింది. కక్షలు, కార్పణ్యాలు అని జంటగా వాడుతున్నాము. శరణాగతికి పెద్దలు చెప్పిన ఆరు అంగాలలో కార్పణ్యం ఒకటి. అక్కడ దానికి అర్థం 'నాకు వేరే దిక్కు లేదు, నా శక్తి చాలదు' అనే ఎరుక. భగవద్గీత రెండవ అధ్యాయం ఏడవ శ్లోకంలో అర్జునుడు తనలోని ఈ కార్పణ్యాన్నే ఒప్పుకొని, నేను నీకు శిష్యుడనని చేతులు జోడించాడు. అంతకుముందు శ్రీకృష్ణుడు అతనిని రెండు శ్లోకాలలో మందలించి ఊరకున్నాడు. ఉపదేశం మొదలైనది ఈ ఒప్పుకోలు తరువాతనే. గాండీవం జారిపోయిన చేతికే గీత అందింది.

కొందరు పెద్దలు నాతో అంటూంటారు, 'పిల్లల ఎదుట మన బలహీనత చూపితే గౌరవం పోతుంది' అని. వారి మాట నేను ఒప్పుకోలేను. ఇదే సముద్రతీరాన తరువాత ఏమి జరిగినదో చూడండి. ఎవరెంత దూరం దూకగలరు అన్న ప్రశ్న వచ్చింది. ఒకడు పది యోజనాలన్నాడు, ఒకడు ఇరవై, ఒకడు ముప్పై. ఎవరూ ఒక్క యోజనం ఎక్కువ చెప్పలేదు! జాంబవంతుడు అందరికంటె వృద్ధుడు. త్రివిక్రమునికి ప్రదక్షిణం చేసిన మహనీయుడు. ఆయన సభలో, నాకు వయసు మీరిపోయింది, ఇప్పుడు తొంభై యోజనాలే పోగలను అన్నాడు. అది విన్న అంగదుడు ఏమన్నాడు? నూరు యోజనాలు దూకగలను, తిరిగి రాగలనో లేదో సందేహం అన్నాడు. ఇంటికి పోవడానికి సిగ్గుపడి చావబోయిన పిల్లవాడు ఇప్పుడు నిండు సభలో తన సందేహాన్ని సిగ్గుపడకుండా చెప్పుకొన్నాడు. పెద్దవాడు ముందు చెప్పినాడు గనుకనే చిన్నవానికి నోరు వచ్చింది. ఇందుకు జాంబవంతుని గౌరవం తగ్గినదా?

నా సంగతి ఒకటి మనవి చేస్తాను. డిగ్రీలో గణితం పరీక్ష తప్పినాను. ఇంట్లో చెప్పలేదు. ఉదయాన్నే అమ్మ కట్టి ఇచ్చిన అన్నం డబ్బా తీసుకొని, కాలేజీకి అని బయలుదేరి, ఊరి చివర గుడి మండపంలో పొద్దుగూకేవరకు కూర్చొనేవాడిని. పదకొండు రోజులు అలా గడచింది. ఆ గుడి అర్చకస్వామి వృద్ధులు. నన్ను ఏమీ అడుగలేదు. పన్నెండవ రోజున పక్కన వచ్చి కూర్చొని, 'నాయనా, నాకు చూపు తగ్గిపోతున్నది. మంత్రాలు నోటికి వచ్చును గనుక నడుస్తున్నది. తెలిస్తే కొలువు నుండి తీసివేస్తారేమోనని భయంగా ఉన్నది. ఈ ఉత్తరం కొంచెం చదివి పెట్టు' అన్నారు. ఉత్తరం చదివినాను. చదువుతూ ఉండగానే ఏడుపు వచ్చింది. నా సంగతంతా చెప్పుకొన్నాను. ఆయన బోధ ఏమీ చేయలేదు. నా భుజం మీద చేయి వేసుకొని మెట్లు దిగి, మా ఇంటి దాకా నడిచి వచ్చారు. దారి పొడుగునా ఎవరు ఎవరిని నడిపించారో నాకు నేటికీ తెలియదు.

అమ్మ తిట్టింది. తిట్టి అన్నం పెట్టింది. తరువాత వచ్చిన పరీక్షలో గట్టెక్కినాను గాని, అది ముఖ్యం కాదు. ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులను ఒక్కటి అడుగుతాను. మీరు తప్పిన పరీక్ష, నష్టపోయిన వ్యాపారం, భయపడిన రాత్రి, ఇందులో ఏదైనా మీ పిల్లలకు తెలుసునా?

సంపాతి కథ కొంచెం మిగిలింది. సీతమ్మ జాడ చెప్పి, తన పూర్వకథను వానరులకు చెబుతూ ఉండగానే ఆ వృద్ధునికి ఎర్రని కొత్త రెక్కలు మొలిచినాయి. తన బలాన్ని తాను పరీక్షించుకోవడానికి ఆ కొండశిఖరం నుండి ఎగిరిపోయినాడు. వానరులు తలలెత్తి చూస్తూ నిలబడినారు. దూరంగా, ఒంటరిగా, మౌనంగా కూర్చున్నవాడు ఒక్కడు ఉన్నాడు. జాంబవంతుడు అతని దగ్గరకు నడుస్తున్నాడు. రేపు సాయంకాలం అక్కడినుండి మొదలుపెట్టుకొందాము.

జై శ్రీరామ్.