విశ్రాంతియు ఉద్యోగధర్మమే
(బిలాసపూరు తెలుగు ఉద్యోగుల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఉద్యోగులు మనశ్శాంతితోను ఆరోగ్యముతోను పనిచేయు మార్గమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. ఈ విషయముపై సాధారణముగా వినవచ్చు హితవులు మీకందరకును కంఠస్థమే. వేకువజామున లేవవలెను, ప్రాణాయామము చేయవలెను, నూనె తగ్గించవలెను, కోపము మానవలెను. ఇవి మంచివి కావని నేననను. కాని రాత్రి పదునొకండు గంటలకు ఇంజను నెక్కి మరునాటి యుదయము ఎనిమిది గంటలకు దిగిన మనిషితో "నాయనా, వేకువజామున లేవుము" అనుట పరిహాసమగును గాని హితవు కానేరదు. ఆతడు వేకువను చూచియే వచ్చినాడు! రైలు పట్టణమున ఆరోగ్యమును గూర్చి మాటలాడదలచినచో మొదట నిద్రను గూర్చి మాటలాడవలెను. నేను చెప్పబోవునది ముఖ్యముగా దానిని గూర్చియే.

మనము ఈ యూరికి వచ్చినదే రైలు పుణ్యమున. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో స్థాపితమై, నాగపూరునుండి తూర్పునకు మార్గమును విస్తరింపజేసినప్పుడు అర్పానది యొడ్డున నున్న బిలాసపూరు ఒక జంక్షనుగా రూపొందెను. వాల్తేరు వరకు గల తూర్పుతీరపు మార్గము సయితము ఆ కంపెనీ చేతిలోనికే వచ్చెను. 1931లో విజయనగరము రాయపూరుల నడుమ మార్గము పూర్తియయ్యెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి మన పెద్దలు ఖరగ్‌పూరునకును బిలాసపూరునకును పనికై తరలివచ్చిన దారులివియే. 2003 నుండి ఈ యూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యస్థానము. కోర్బా గనుల బొగ్గు మన కండ్లముందునుండియే దేశమున కేగుచున్నది. బొగ్గునకు పగలు రాత్రి యను భేదము లేదు. ఆ భేదము మన దేహమునకు మాత్రమే కలదు.

పనిగంటలకు ఒక హద్దుండవలెనను మాట మనకెట్లు వచ్చెనో యువకులు తెలిసికొనదగును. ఆ కథలో ఒక తెలుగువాని పేరు కలదు. బరంపురమున 1894లో జన్మించి, డబ్లినులో న్యాయశాస్త్రము చదివి వచ్చిన వరాహగిరి వేంకటగిరిగారు మన పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకులు. 1927లో ఖరగ్‌పూరు సమ్మెను నడపినవారు వారు. ఆ యేడే జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు భారత కార్మికుల పక్షమున వెళ్లిరి. తరువాత కేంద్రమున కార్మిక మంత్రియై, 1969లో రాష్ట్రపతియైరి. వారి చిత్రపటమునకు దండ వేయు మన సభలలో, వారు ఏ రైల్వేలో పోరాడిరో ఆ సంగతి ఎవరును చెప్పకుండుట నాకు కొంత వింతగా తోచును.

ఆ దినములలో వర్క్‌షాపువారికి ఫ్యాక్టరీ చట్టము వర్తించెడిది గాని, స్టేషన్లలోను బండ్లపైనను పనిచేయువారి గంటలకు శాసనమువలని హద్దు లేకుండెను. 1930లో రైల్వే చట్టమును సవరించి, 1931లో పనిగంటల నియమములు చేసిరి. అందును డ్రైవర్లకును గార్డులకును చోటు దొరకలేదు. 1947 నాటి జస్టిస్ రాజాధ్యక్షగారి తీర్పు పిమ్మటనే వారు ఆ పరిధిలోనికి వచ్చిరి. 1973లో లోకో సిబ్బంది సమ్మె చేసినప్పుడు వారి ముఖ్యమైన కోరిక ఇంకను పది గంటల హద్దే! నలుబది యేండ్లకు పైగా గడచినను అడిగినది వేతనము మాత్రమే కాదు, ఇంటికి వచ్చి పడుకొను అధికారము కూడ.

నేడు అమలులో నున్న 1989 నాటి రైల్వే చట్టము ఉద్యోగములను విభజించి, తీవ్రమైన పనికి వారమునకు సగటున 45 గంటలు, ఎడతెగని పనికి 54 గంటలు, నడుమ నడుమ మాత్రమే పని తగులు ఉద్యోగమునకు 75 గంటలు పరమావధిగా నిర్ణయించినది. దాని క్రింద వచ్చిన 2005 నియమములు ఈ గంటలను మరికొంత తగ్గించినవి. ఇంజను సిబ్బందికిని గార్డులకును నెలకు కనీసము నాలుగు పర్యాయములు ముప్పదేసి గంటల చొప్పున గాని, ఐదు పర్యాయములు ఇరువదిరెండేసి గంటల చొప్పున గాని, ఎడతెగని విశ్రాంతి నీయవలెననియు, అందొక పూర్తి రాత్రి చేరియుండవలెననియు చట్టము చెప్పుచున్నది. "పూర్తి రాత్రి" అను ఆ మాటను గమనింపుడు. శాసనములు వ్రాయువారు కవులు కారు. అయినను గంటలను లెక్కించుటతో తృప్తి పడక, రాత్రి యను పదమును పేర్కొనవలసి వచ్చినది. పగటి పది గంటలు రాత్రి పది గంటలకు సరిగావని వారికి తెలియును. ఈ ముప్పది గంటలు ఇంటివద్ద లభించు పదునారు గంటల సామాన్య విశ్రాంతితో కలిసియా, దానికి అదనముగానా యను వివాదము సిబ్బందికిని అధికారులకును నడుమ చాలకాలముగా సాగుచున్నది. దానిలో నేను తలదూర్చను. అదనముగా నుండుటయే న్యాయమని మాత్రము నా యభిప్రాయము.

నిద్ర లేమి యెట్టిదో శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు 1997లో ప్రకటించిన పరీక్షలలో, పదునేడు గంటలు వరుసగా మేలుకొన్న మనిషి చేతి నేర్పు, రక్తమున నూటికి 0.05 వంతు మద్యము చేరిన మనిషి నేర్పునకు దిగజారెనని తేలెను. డ్యూటీలో చేరునప్పుడు మన లోకో పైలట్లు గొట్టములో ఊది తాము త్రాగలేదని ఋజువు చేయుదురు. మంచి యేర్పాటే. కాని నిద్రపోలేదని పట్టుకొను గొట్టము ఆ లాబీలో లేదు. మద్యమును కొలుచుటకు యంత్రమున్నది. నిద్రలేమిని తెలుపుటకు ఆ మనిషి నోటిమాట యొక్కటే యున్నది. ఆ మాట చెప్పుటకు ఆతడు జంకని చోటనే ప్రయాణికునకు రక్ష. "అయ్యా, నేడు నాకు కన్ను మూతపడుచున్నది" అని చెప్పినవానిని సోమరి యని చూచు పర్యవేక్షకుడు తన బండిని తానే అపాయమున పెట్టుచున్నాడు.

ఇంజనులో అప్రమత్తతను కనిపెట్టు పరికరమొకటి యున్న మాట నిజమే. సుమారు ఒక నిమిషము వరకు డ్రైవరు ఏ మీటను కదలింపనిచో దీపము వెలుగును, పిదప గంట మ్రోగును, అప్పటికిని ఉలుకు పలుకు లేనిచో బ్రేకు పడును. అది డ్రైవరు కదలుచున్నాడని చెప్పగలదు గాని, ఆతని మనస్సు మేలుకొన్నదని చెప్పజాలదు. చేయి అలవాటుగా మీటను నొక్కుచు, కన్ను తెరచియుండియే సిగ్నలును చూడని క్షణములు అలసినవానికి వచ్చును.

2022 ఆగస్టు 15న మన రైల్వే "సూపర్ వాసుకి" యను బండిని నడపినది మీకు జ్ఞాపకముండును. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, సుమారు 27,000 టన్నుల బొగ్గు. కోర్బానుండి రాజనందగావ్‌కు 267 కిలోమీటర్ల దూరమును పదునొకండు గంటలకు పైగా నడచెను. దేశమంతయు వ్యాగన్లను లెక్కపెట్టినది. మంచిదే, మనకును గర్వకారణమే. అంత పొడవైన బండిని కనిపెట్టుకొని యుండుట ఎట్టి శ్రమయో ఆ పని చేసినవారి గృహములలోనే తెలియును.

2025 నవంబరు 4న మన యూరి పొలిమేరలోనే ప్రయాణికుల మెమూ బండి యొకటి గూడ్సుబండిని ఢీకొనగా, లోకో పైలట్‌తో సహా పలువురు అసువులు బాసిరి. దాని కారణములను చెప్పుట విచారణాధికారుల విధి. నేను ఊహలు చేయను. ఆ సాయంకాలము తరువాత డ్యూటీకి పోవు మనిషిని గుమ్మము వరకు సాగనంపు ఇల్లాండ్ర మనస్సులో ఏదో యొక బరువు చేరినదని మాత్రము ఈ సభలో చెప్పనక్కరలేదు. మన ఆరోగ్య చర్చలలో ఆ బరువునకును చోటుండవలెను.

పని కంటె ఎక్కువగా మనిషిని నలగగొట్టునది పిలుపుకై వేచియుండుట. వెనుకటి కాలమున కాల్ బాయ్ ఉండెడివాడు. సైకిలుపై క్వార్టర్లకు వచ్చి, తలుపు తట్టి, పుస్తకమున సంతకము చేయించుకొని పోయెడివాడు. అర్ధరాత్రి ఆ చప్పుడునకు ఇంటిల్లిపాదియు, ప్రక్కయింటివారును మేల్కొనెడివారు. అయినను ఆతడు తలుపు తట్టు వరకు ఇల్లు ఇల్లుగానే యుండెడిది. ఇప్పుడు ఆ తలుపు తలగడ క్రిందికి వచ్చినది. ప్రయాణికుల బండ్లవారికి ముందుగా కూర్చిన క్రమమున్నది. రేపు ఎన్ని గంటలకు బయలుదేరవలెనో వారెరుగుదురు. గూడ్సువారికి ఆ భాగ్యము లేదు. సాయంకాలము పిలుపు వచ్చునేమో యని మధ్యాహ్నము పండుకొనును, రాదు. రాత్రి కొంతసేపు మేలుకొనును; రాదు. రెండు గంటలకు కన్నంటుకొనును, అప్పుడు వచ్చును. లెక్క ప్రకారము ఆతడు పదునారు గంటలు విశ్రమించినాడు. నిజమునకు నిద్రించినది మూడు గంటలు. పుస్తకమున కనబడని ఈ పదమూడు గంటలే మన రక్తపుపోటునకును, చక్కెర వ్యాధికిని, ఇంటిలోని కసురుబాట్లకును మూలము. కంప్యూటరు ద్వారమున సిబ్బందిని ఏర్పాటు చేయు ఈ కాలమున, తెల్లవారక ముందు పిలుపు రాదగినవారెవరో సాయంకాలమే ఉజ్జాయింపుగా నైనను తెలుపుట అసాధ్యము కాదని నా నమ్మకము. ఒక్క పైసా ఖర్చు లేని వైద్యమిది.

రాయగఢ్, శాడోల్ వంటి చోట్లనున్న రన్నింగ్ రూములు పూర్వమువలె లేవు. చల్లని గదులు, శుభ్రమైన పడకలు వచ్చినవి. కొన్నిచోట్ల పాదములను మర్దించు యంత్రములు కూడ పెట్టినారు. మన తెలుగువాడు వెంట తీసికొనిపోవు ఆవకాయ సీసా మాత్రము ఏ సంస్కరణకును లొంగలేదు! ఇంజన్లలో మరుగుదొడ్డి లేని లోపమును సరిదిద్దుట కూడ ఆరంభమైనది. మన యాడబిడ్డలు లోకో పైలట్లుగా చేరిన తరువాత గాని ఈ లోపము పెద్దల దృష్టికి గట్టిగా రాకపోవుట విచారకరము. పురుషులు మాత్రము ఇన్నాళ్లు సుఖపడినారా?

కార్యాలయములలో పనిచేయువారు తమకీ బాధ లేదని తలచరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో ప్రకటించిన లెక్క ప్రకారము, వారమునకు 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయుటచే కలిగిన గుండెజబ్బు, పక్షవాతములతో 2016 ఒక్క యేడు ప్రపంచమున సుమారు 7,45,000 మంది మరణించిరి. రాత్రి పది గంటలకు చేతిఫోనుకు వచ్చు కార్యాలయపు సందేశము ఆ గంటలలో చేరునా చేరదా యని ఎవరికి వారు ఆలోచించుకొనవలెను.

ఇక గృహిణుల మాట. రాత్రి రెండు గంటలకు పిలుపు వచ్చినచో లేచునది ఒక్కరు కాదు. డబ్బా సర్దుటకు ఆమెయు లేచును. మరల ఆరు గంటలకు పిల్లలను బడికి పంపవలెను. తొమ్మిదింటికి ఆయన తిరిగి వచ్చి పండుకొన్నప్పుడు, రెండు గదుల క్వార్టరులో పిల్లల నోరు మూయించుచు, కుక్కరు కూత వేయకుండ పొయ్యి తగ్గించుచు, తలుపు తట్టువారిని సైగతో పంపివేయుచు, ఆమె చేయు కాపలాకు ఏ భత్యమును లేదు. ఆమెయే ఉద్యోగిని యగునెడల ఈ రెండు డ్యూటీలును ఆమెవే. భర్త నిద్రకై ఇల్లంతయు నిశ్శబ్దము పాటించును; భార్య నిద్రకు ఎవరు పాటింతురు? ఈ ప్రశ్నకు మగవారు సభలో కాక ఇంటివద్ద సమాధానము చెప్పవలెను.

చివరకు మన సంగతి. కాలనీలో మ్రోగు లౌడుస్పీకర్లలో మనవియు కొన్ని యున్నవి. మన పండుగ సభలు ఆరు గంటలకని ఆహ్వానపత్రములో అచ్చువేయించి, ఎనిమిదిన్నరకు జ్యోతి వెలిగించి, నాటకమును అర్ధరాత్రి దాటించుట మన యాచారమైనది. మరునాటి తెల్లవారుజామున బండి నడపవలసిన సభ్యుడు సగము నాటకము చూచి లేచిపోవును, లేదా ఆతని కుటుంబమే రాదు. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రించువారి తలుపునకు తగిలించుటకు "నిద్రలో ఉన్నారు" అను చిన్న పలకలను సంఘము పక్షమున తెలుగులోను హిందీలోను వ్రాయించి పంచవలెనని నేను ప్రతిపాదించితిని. రాబోవు ఉగాది సభను సాయంకాలము ఐదు గంటలకు ఆరంభించి ఎనిమిదిన్నరకు ముగింపవలెనని కూడ కోరితిని. కార్యదర్శిగారు రెంటికిని అంగీకరించినారు. నాటకములో ఒక అంకము తగ్గునట. అధ్యక్షులవారి యుపన్యాసములో ఎంత తగ్గునో వారింకను సెలవీయలేదు.