ఇంటిమాట, ఇంటివంట, కులస్మృతి

మాన్యులగు సభాధ్యక్షులకును, వేదిక నలంకరించిన కులపెద్దలకును, ఈ మహాసభకు ధనముతోడను శ్రమతోడను తోడ్పడిన పోషకులకును, హిందూపురము, పెనుకొండ, ధర్మవరములనుండి కుటుంబసహితముగా విచ్చేసిన భావసార క్షత్రియ సోదరసోదరీమణులకును మా నమస్కారములు.

విశ్రాంతోపాధ్యాయుని సభలో మాటలాడుమనుట నిండిన చెరువునకు తూము తెఱచుటవంటిది. మరల మూయుట కష్టము. కావున కాలమితిని మేమే విధించుకొని ఒక్క విషయమును మాత్రము విన్నవించి కూర్చుందుము.

కార్యదర్శిగారు మన కులచరిత్రమును గూర్చి చెప్పుమని కోరిరి. భావసింహ సారసింహులను రాజపుత్రులు పరశురామునకు వెఱచి హింగుళాదేవిని శరణు చొచ్చుటయు, ఆ తల్లి వారిని కాపాడి రంగులద్దుటయు కుట్టుటయు జీవనాధారముగా ననుగ్రహించుటయు పెద్దలవలన మీరందఱును వినియున్నారు. ఇచటి బాలురకు సైతము తెలిసిన ఆ కథను మరల చెప్పుట మా యుద్దేశము కాదు. అంతకంటె చిన్నదియు, మాకు తోచినంతలో అంతకంటె ముఖ్యమైనదియు నగు దానిని గూర్చి చెప్పదలచితిమి. అది మన పొయ్యి యొద్ద పలుకబడు మాట.

సంస్కృతమున హింగుళమనగా ఎఱ్ఱని ధాతువు. దానినే తెలుగున ఇంగిలీకమందురు. రంగు వేయువారి కులదైవము పేరులోనే రంగున్నది. ఆ తల్లి మూలస్థానము బలూచిస్థానమున లస్బేలా ప్రాంతమున, హింగోల్ నదీతీరమందలి కొండగుహలో నున్నది. 1947లో దేశము విభక్తమైన పిమ్మట ఆ ప్రాంతము పాకిస్థానమున చేరినది. ఏటేట వసంతకాలమున సింధు ప్రాంతపు హిందువులు వేలకొలదిగా అచటికి యాత్ర చేయుచున్నారు. అచటి మహమ్మదీయులును ఆమెను నానీ యని పిలిచి గౌరవింతురు. ఈ సభలోనున్న మనలో ఆ గుహను కన్నులార చూచినవారెందఱు? చూడని తల్లిని ఇన్ని తరములు మఱువకుండుట ఎట్లు సంభవించినది? పెండ్లికి ముందు గోంధళము జరిపించునపుడు పిలిచిన పిలుపువలన; నైవేద్యమునకు చేసిన పురణపోళీవలన. అనగా ఒక మాటవలనను, ఒక వంటవలనను. దూరమున నున్న క్షేత్రము నోటిలో నిలిచినది.

మనము ఒక్క దినమున ఒక్క బండిలో ఈ సీమకు వచ్చినవారము కాము. కొందఱు దండులవెంట, కొందఱు సంతలవెంట, కొందఱు వియ్యములవెంట వచ్చిరి. హిందూపురమను పేరే గుత్తి ప్రభువైన మురారిరావు ఘోర్పడే తన తండ్రి హిందోజీరావు పేర పెట్టినదని చెప్పుదురు. ఆ మురారిరావు 1776లో హైదరాలీకి లొంగిపోయెను. రాజ్యము పోయినది, కోట పోయినది. అంగరకాలు కుట్టినవారి ఇండ్లలో మాత్రము మరాఠీ మిగిలినది. 1891 నాటి మద్రాసు రాజధాని జనాభాలెక్కల నివేదికలో, రంగారులు రంగులద్దువారును కుట్టుపనివారును అనియు, ఇంచుమించు తెలుగు జిల్లాలన్నిటను కలరనియు, మహారాష్ట్ర మూలమువారై ఆ భాషనే మాటలాడుదురనియు వ్రాయబడినది. అప్పటికి ఈ మూడు ఊళ్లును అనంతపురము జిల్లాలోనివి. 2022 నుండి శ్రీసత్యసాయి జిల్లాలోనివి. జిల్లా మాఱినది, రాజధాని మాఱినది. ఆ నివేదికలో వ్రాసిన కడపటి మాట నేటికిని నిజమా యని ప్రతివారును తమ యింటిలో ప్రశ్నించుకొనవలెను.

మన వృత్తి ఎట్లు మాఱినదో స్మరింతము. చిరివేరు ఎఱుపునకు, నీలిమందు నీలమునకు, మోదుగపూలు పసుపునకు, లక్క పట్టునూలునకు. రంగు పట్టుటకు పటికయు కరక్కాయయు. ఇది మన పూర్వుల యంగడి. 1856లో ఇంగ్లండున పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు తారునుండి తీసిన పదార్థముతో ఊదారంగు చేసెను. 1869 నాటికి చిరివేరు ఎఱుపునకు ప్రతిగా కృత్రిమపు ఎఱుపు వచ్చినది. 1897లో జర్మనులు కృత్రిమ నీలిని విపణికి తెచ్చిరి. ముప్పదినలువదేండ్లలో లోకమందలి రంగుతొట్లు పొడి డబ్బాలకు లోబడినవి. మనవారిలో అనేకులు కుట్టుయంత్రము నాశ్రయించిరి. దానికి చింతింప బనిలేదు. బ్రతుకుతెరువు మాఱుట లోకసహజము. చింతింపవలసినది వేఱొకటి. తొట్టి ఎండినప్పుడు తొట్టి మాటలును ఎండినవి. లేత ఎఱుపునకు, ముదురు ఎఱుపునకు, రెండవ ముంపు ఎఱుపునకు మన యవ్వలు వేఱువేఱు పేర్లు చెప్పెడివారు. మేము చిన్ననాట విన్న ఆ పేర్లలో నేడు మాకు రెండు మూడు కూడ జ్ఞప్తికి రావు.

రంగారి యను పేరు చెప్పుకొనుటకు నేడు కొందఱు సంకోచింతురు. వారికి రెండు దృష్టాంతములు చూపుదుము. మొదటిది మన ముంగిటనే యున్నది. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున పదునాఱవ శతాబ్దపు చిత్రములు గలవు. ఆ చిత్రములలోని స్త్రీపురుషుల వస్త్రములను చూడుడు: చారలు, గళ్లు, పువ్వులు, అంచులు! నేటికిని నేతగాండ్రు ఆ అంచులను చూచి నమూనాలు గీసికొనుచున్నారు. ఆలయము కట్టించిన విరూపణ్ణ పేరు బాలురెఱుగుదురు. ఆనాడు అట్టి వస్త్రములకు రంగు వేసినవాని పేరు ఎవరెఱుగుదురు?

రెండవది మాళవదేశమందలి దశపురమున, అనగా నేటి మందసౌరున నున్న శాసనము. లాటదేశమునుండి పట్టునేతగాండ్ర శ్రేణి యొకటి దశపురమునకు వలస వచ్చి, క్రీ.శ. 436లో సూర్యాలయము కట్టించినది. 473లో దానిని బాగుచేయించినది. ఆ కథను వత్సభట్టి యను కవిచేత సంస్కృత శ్లోకములుగా వ్రాయించి రాతిపై చెక్కించినది. ఆ శ్రేణిలో కొందఱు విలువిద్య నేర్చిరి, కొందఱు జ్యోతిషము నేర్చిరి, కొందఱు నేతలోనే నిలిచిరి. వృత్తులు విడిపోయినను, రాతిపై మాత్రము తాము పట్టునేతగాండ్రమనియే చెప్పుకొనిరి. ఎచటినుండి వచ్చితిమో దాచుకొనలేదు. కనుకనే పదునైదు వందల యేండ్ల పిమ్మట వారిని మనము తలచుకొనుచున్నాము. పని పేరు చెప్పుకొన్నవాడు స్మృతిలో నిలుచును.

ఇక భాషమాట. కర్తరీ యను సంస్కృతపదము మన యింట కాత్రీ, పొరుగింట కత్తెర, సరిహద్దు దాటిన కత్తరి. సూచి మన యింట సుయీ, పొరుగింట సూది. మన కులపు పనిముట్లే ఈ భాషల చుట్టఱికమునకు సాక్షులు. మన మరాఠీలో తెలుగు కన్నడ పదములు కలసినవని చిన్నబుచ్చుకొనువారు ఇది గమనింపవలెను. మరాఠీవారు అన్నగారిని అణ్ణా యనియు, అక్కగారిని అక్కా యనియు పిలుతురుగదా. ఆ మాటలు దక్షిణభాషల సొత్తు. పూనా మరాఠీకి లేని సిగ్గు హిందూపురపు మరాఠీకేల?

ఈ మాట చెప్పుటకు మాకు అర్హత లేదు. ఏలయన, అందఱికంటె ముందు సిగ్గుపడినవారము మేమే. యౌవనమున ఆషాఢ యాత్రకు పండరీపురమేగితిమి. చంద్రభాగ గట్టున ఒక వృద్ధ వార్కరీతో మన యింటి మరాఠీలో మాటలాడితిమి. ఆయన దయతో నవ్వి, “నాయనా, నీ మాట సగము మా యవ్వ మాటవలె నున్నది, సగము తెలియకున్నది” అనెను. మొదటి సగమును మా చెవి స్వీకరింపలేదు. రెండవ సగమే గ్రుచ్చుకొన్నది. తరువాత మా పిల్లలు మాటలు నేర్చునాటికి, ఇంటిలో తెలుగే మాటలాడవలెనని శాసించితిమి. పాఠశాలలో పిల్లల తెలుగు దిద్దుచున్న మేము, ఇంటిలో కన్నతల్లి మరాఠీని దిద్దుటకు పూనుకొంటిమి.

మా తల్లి ఆ శాసనమును పాటింపలేదు. పెండ్లిండ్లలో పసుపు విసరునపుడు జాతె ముందు కూర్చుండి ఓవీలు పాడుచునే యుండెను. మేము ప్రక్కగదిలో పరీక్షా పత్రములు దిద్దుకొనుచుంటిమి. ఆమె కాలధర్మము చెందిన కొన్నియేండ్లకు మా కుమార్తె వివాహము వచ్చినది. ఆచారము తప్పరాదని జాతెను కడిగి పసుపు పూసి పెట్టిరి. పాడువారు లేరు. మా కుమార్తె మావైపు తిరిగి, “నాన్నగారూ, అవ్వ పాడే పాట మీకు వచ్చునా?” అని యడిగెను. శబ్దమంజరియు అమరమును ఆద్యంతము కంఠస్థముగా నున్న మాకు, ఆ పాటలో మొదటి చరణము దాటి రాలేదు. జాతె తిరిగినది, పసుపు నలిగినది, పాట లేదు. ఆ రాతి చప్పుడు నేటికిని మా చెవిలో నున్నది.

కావున, మాట పోయినచోట వంట యెంత నిలుచునో కూడ చూతము. మన భాకరీ ఈ సీమ జొన్నరొట్టెయే. పొరుగువారు చెనిక్కాయల పొడితో తిందురు, మనము పిఠలెతో తిందుము. ఇరువురును ఎదుటివారి గిన్నెవైపు చూతురు. మన పురణపోళీ వారి ఓళిగ. పోళీకి ఉడికించిన శనగపప్పునుండి వంచిన నీటిని మనము కట్ అందుము, తెలుగువారు కట్టు అందురు; దానితో మన యింట ఆమటీ, వారి యింట చారు. ఇందులో ఎవరిది ఎవరిదని విడదీయబోయిన వ్యాకర్తకు ఆకలియే మిగులును. మన వంట మనలను పొరుగువారినుండి వేఱుచేయుటకు పుట్టినది కాదు. వారితో కలసి బ్రతికితిమనుటకు సాక్ష్యము. కాని పోళీని ఓళిగయనియే, ఆమటీని చారనియే పిలిచిననాడు ఆ సాక్ష్యమున మన వంతు చెరగిపోవును. రుచి నాలుకపై నుండును. రుచి యెవరి చేతిదో చెప్పునది పేరు.

ఇచట రెండు ఆక్షేపణలు వినవచ్చును. తెలుగుదేశమున పుట్టితిమి, తెలుగు చాలదా యని కొందఱందురు. తెలుగు విడువుమని ఎవరనిరి? తంజావూరేలిన మరాఠా ప్రభువగు శాహజీ, 1684 నుండి 1712 వఱకు రాజ్యము చేసినవాడు, తెలుగున పల్లకీసేవాప్రబంధము రచించెను. ఐదు భాషలను కూర్చి పంచభాషావిలాసమను నాటకమును వ్రాసెను. ఆయన తెలుగు ఆయన మరాఠీని తినివేయలేదు. ఇంటిమాట మఱచుట పొరుగుభాషపై ప్రేమకు గుర్తు కాదు.

మఱికొందఱు, నేర్పినచో శుద్ధమైన మరాఠీనే నేర్పవలెను, ఈ కలగూరగంప ఎందులకందురు. గ్రంథభాష నేర్చుకొనుడు; మంచిదే. తెలుగునకు 2008లో లభించిన ప్రాచీనభాషా గౌరవము 2024లో మరాఠీకిని లభించినది. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. అడుగు హక్కు మనకున్నది. కాని ఏ పాఠ్యపుస్తకమును మీ యవ్వ మాటను మీకు నేర్పదు. అది ఆమె నోటనే యున్నది, ఆమెతోనే పోవును.

కావున సభవారికి మూడు విన్నపములు. మొదటిది: ప్రతి కుటుంబమును ఒక నోటుపుస్తకము పెట్టి, వృద్ధస్త్రీలు చెప్పు మాటలను, అనగా వంటమాటలు, కుట్టుమాటలు, రంగుల పేర్లు, చుట్టఱికపు పిలుపులు, ఓవీలు, తెలుగులిపిలోనే వ్రాసియుంచవలెను. తప్పొప్పులు దిద్దరాదు. దిద్దుట యందు అలవాటు గలవారము కనుక మేము దీనిని గట్టిగా చెప్పుచున్నాము. రెండవది: వచ్చు ఏటి మహాసభలో ఆ పుస్తకములను చదివించి, పోషకులు వానిని గ్రంథముగా అచ్చువేయింపవలెను. సన్మానపు శాలువలు రెండు తగ్గినను నష్టము లేదు. మూడవది ఖర్చు లేనిది: రోజుకొక్కపూట, భోజనసమయమున, పిల్లలతో ఇంటిమాటలో మాటలాడవలెను. వారు తెలుగున బదులిచ్చినను విడువక మాటలాడవలెను.

మా మనుమరాలికి ఏడేండ్లు. గత మాసము పెరటిలోని జాతెను చూపి, ఇదేమని యడిగినది. పేరు చెప్పితిమి. మొదటి చరణమును పాడితిమి. రెండవది తెలిసిన పెద్దమ్మలెవరైన ఈ సభలో నున్నచో, భోజనానంతరము మాకొక గడియ దయచేయవలెనని వేడుచున్నాము. నోటుపుస్తకము వెంట తెచ్చితిమి.

హింగుళాంబయు పాండురంగడును మన యిండ్లను, మన నోళ్లను కాపాడుదురు గాక.

ఇతి శమ్.